రాళ్ల దారిలో మా బండి దింపిపెట్టిన వాళ్లకి

ఎడారి రాళ్ల దారిలో మా బండి ఇరుక్కుపోతే, తమ పని మానుకుని ఎండలో మాతోపాటు నిలబడిన ఆ రెండు బండ్లవాళ్లకి చేతులెత్తి నమస్కారం. అక్కడ సిగ్నల్ లేదు, పేర్లు కూడా సరిగ్గా తెలియవు. తెలిసినవాళ్లెవరైనా చూసి చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

మెట్లుమెట్లుగా ఉన్న బండల మీంచి దిగుతుంటే ముందు కుడి టైరు కింద రాయి దొర్లింది. బండి పక్కకి జారి, పొట్ట బండమీద ఆనింది. ఆ టైరు సైడ్‌వాల్, అంటే పక్కభాగం, జానెడు చీలింది, వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచింది. రెండు పక్కల చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ లేని బండి కదా, యాక్సిలరేటర్ తొక్కితే గాల్లో ఉన్న చక్రమే గిర్రున తిరుగుతుంది, నేలమీదున్నది ఉలకదు పలకదు. మేకు గుచ్చుకుంటే ప్లగ్ వేసుకుని రావచ్చు. సైడ్‌వాల్ చీలితే స్టెప్నీ ఒక్కటే దిక్కు. ఆ వాలులో జాకీ ఎక్కడ పెట్టాలో తెలియక నేనూ మావారూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం.

అప్పుడొచ్చారు మీరు. పెద్దాయన దిగీ దిగగానే "ముందు ఇంజన్ ఆపమ్మా, నీళ్లు తాగు" అన్నారు. తాడు తీస్తారనుకున్నాం. తీయలేదు. బండి చుట్టూ తిరిగారు, బోర్లా పడుకుని టార్చ్ వేసి కింద చూశారు, మళ్లీ తిరిగారు. నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చింది కూడా. తర్వాత అర్థమైంది, బండి ఎటు జారుతుందో తేల్చుకున్నాకే ఆయన చేయి పెడతారని.

తాడు ఎక్కడ కట్టాలని మావారు అడిగితే "ట్రైలర్ తగిలించే బాల్‌కి మాత్రం వద్దు" అన్నారు. సాగి లాగే తాడు బిగిసినప్పుడు ఆ బాల్ విరిగిందంటే తూటాలా దూసుకొస్తుందట, మనుషులు చనిపోయారట. ఛాసిస్‌కి బిగించిన రికవరీ హుక్ చూపించి, దానికే షాకిల్, అంటే తాడు తగిలించే ఇనప కొక్కెం, వేశారు.

నేలమీదున్న మిగతా రెండు చక్రాలకీ రాళ్లు అడ్డం పెట్టి, జాకీ కింద చెక్కపలక వేసి స్టెప్నీ మార్చారు. దాన్లో గాలి 35 పీఎస్‌ఐ ఉంటే మిగతా టైర్లతో సమానంగా 18కి దించారు. గాల్లో ఉన్న చక్రం కింద రాళ్లు పేర్చింది మాత్రం మీతో వచ్చిన కుర్రాడు. ఊగే రాయి ఒక్కటి కనిపించినా తీసేసి మళ్లీ మొదలుపెట్టేవాడు, అరచేతులు కొట్టుకుపోయినా. పైనున్న మీ బండికున్న వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, మా బండి జారకుండా పట్టుకున్నారు. తాడుమీద దుప్పటి కప్పి, అందర్నీ దూరంగా జరగమన్నారు.

ఇక మీతో వచ్చిన అక్కగారి సంగతి. నా బండి ముందు నిలబడి, "సైగ నేనొక్కదాన్నే చేస్తా, మిగతావాళ్లు నోళ్లు మూసుకోండి" అన్నారు. మావారు కూడా నోరు మెదపలేదు, అదో వింత! పిడికిలి బిగిస్తే ఆగాలి, వేళ్లు ఆడిస్తే రావాలి. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు), ఫస్ట్ గేర్‌లో, మనిషి నడకకన్నా నెమ్మదిగా దిగాను. చక్రం బండ అంచు దాటేటప్పుడు కింద గీసుకున్న చప్పుడుకి టెన్షన్‌తో కళ్లు మూసుకోబోయాను. "నన్నే చూడు" అన్నారావిడ. చూశాను. దిగింది.

తారు రోడ్డు దాకా మా వెనకే వచ్చి, తక్కువ గాలితో స్పీడుగా పోతే టైర్లు వేడెక్కుతాయని మీ కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ గాలి కొట్టారు. డబ్బులివ్వబోతే పెద్దాయన మొహం ముడుచుకున్నారు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

అన్నట్టు, మీ షాకిల్ ఒకటి మా హుక్‌కే ఉండిపోయింది. తుడిచి, నూనె రాసి ఉంచాను. ఈ పోస్టు చూస్తే ఒక్క మెసేజ్ పెట్టండి, మీరెక్కడుంటే అక్కడికి పంపిస్తాను.