తెలుగులో తిడితే, తెలుగు చదివి తీర్పు చెప్పేదెవరు?

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను ముప్పయ్యొక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఖమ్మంలో ఉంటాను. మిద్దెతోటలు పెంచుకునేవారి కోసం ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో నడుస్తున్న తెలుగు గ్రూపుకు ఉన్న ముగ్గురు అడ్మిన్లలో నేనొకడిని. విత్తనాలు పంచుకోవడం, పేనుబంకకు వేపనూనె ఎంత కలపాలో చెప్పుకోవడం, కాసిన మొదటి కాయను ఫోటో తీసి పదిమందికీ చూపుకోవడం తప్ప మా గ్రూపులో వేరే పని లేదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, ఆ పైన డాలస్‌లో పెరట్లో గోంగూర పెంచుకుంటున్న వారి దాకా మా సభ్యులున్నారు. ఇటువంటి చోట తిట్లకు పనేమిటని మీకు అనిపించవచ్చు. మూడేళ్ల క్రితం ఈ బాధ్యత తీసుకునేటప్పుడు నాకూ అలాగే అనిపించింది.

కిందటి వేసవిలో విజయనగరం వైపు ఆమె ఒకరు తమ డాబా మీద కాసిన తొలి ఆనపకాయ ఫోటో పెట్టారు. దానిని సొరకాయ అంటారని ఒకరన్నారు. మా వైపు ఆనపకాయే అంటామని ఆమె మర్యాదగానే బదులిచ్చారు. అరగంట గడిచేసరికి కాయ సంగతి పోయి, ఎవరి భాష అసలైన తెలుగు, ఎవరు ఎవరిని దోచుకున్నారు అన్న దగ్గరికి మాట వచ్చింది. పొద్దుగూకేసరికి ఎవరో ముక్కూ మొహం తెలియని నలుగురు ఆమె తల్లిని, ఆమె శీలాన్ని, ప్రొఫైలులోని ఇంటిపేరును బట్టి తాము ఊహించుకున్న ఆమె కులాన్ని కలిపి, ఈ లేఖలో రాయడానికి వీలులేని మాటలన్నారు. "మాస్టారూ, నేను కాయ ఫోటో పెట్టాను, అంతే కదండీ" అని ఆమె నాకు రాసి, మర్నాడు గ్రూపులోంచి వెళ్లిపోయారు.

ఆ నాలుగు వ్యాఖ్యలను మేము తొలగించాము, రాసినవారిని వెళ్లగొట్టాము. అది మా చేతిలోని పని. కానీ వారు ఆమె సొంత పేజీకి వెళ్లి అక్కడ కూడా అవే మాటలు రాశారు కనుక, సంస్థకు నేను ఫిర్యాదు చేశాను. మరుసటి ఉదయానికి ఇంగ్లిషులో జవాబు వచ్చింది: మీరు సూచించిన వ్యాఖ్యలను పరిశీలించాము, అవి మా ప్రమాణాలకు విరుద్ధంగా లేవు. సరిగ్గా అదే వారంలో, మందారానికి పట్టిన పిండినల్లి గురించి "ఒక్కదాన్నీ బతకనివ్వకూడదు, చంపి పారేయాలి" అని రాసిన మా గ్రూపు పెద్దాయన పోస్టును మాత్రం హింసను ప్రేరేపిస్తున్నదని అదే సంస్థ తొలగించి, మూడు రోజులు ఆయన ఏమీ రాయకుండా కట్టడి చేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాకనే మీకు ఈ లేఖ రాయాలన్న ఆలోచన వచ్చింది.

తిట్లు అంతర్జాలంతో పుట్టినవి కావని, బూతు వినగానే చెవులు మూసుకునే మనిషిని నేను కానని ముందుగా మనవి చేస్తున్నాను. తెలుగులో తిట్టుకవిత్వం ఒక శాఖగానే వర్ధిల్లింది. మా నాయనమ్మ శాపనార్థాలు మొదలుపెడితే వీధి వీధంతా పని ఆపి వినేది. అయితే మన భాషలో తిట్టుకూ ముద్దుకూ మధ్యనున్న గోడ చాలా పలచన. "నీ దుంపతెగ, ఎంత పనిచేశావురా" అన్న తల్లి కొడుకు చావును కోరడం లేదు. "సచ్చినోడా, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా" అన్న స్నేహితుడు నిజానికి కౌగిలించుకుంటున్నాడు. తెలంగాణలో "నీ యవ్వ" అన్న మాట సగం సందర్భాల్లో ఒట్టి ఆశ్చర్యార్థకం. అదే మాట కోస్తాలో పుట్టి పెరిగిన కొత్త మనిషితో అంటే కొట్లాటకు దారితీస్తుంది. "ఒరేయ్" అన్న పిలుపు చిన్ననాటి మిత్రుడి నోట అమృతం, అపరిచితుడి నోట అవమానం.

ఇక రెండో వైపు చూడండి. "ఇంట్లో మగదిక్కు లేదా?" అన్న వాక్యంలో నిఘంటువు తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. "రిజర్వేషన్లో వచ్చినవారికి ఇంతకన్నా ఏం తెలుస్తుంది లెండి" అన్నదాంట్లో లేదు. "మేడం గారూ, తమరు వంటింట్లోకి దయచేస్తే బాగుంటుందండీ" అన్నప్పుడైతే గారు, తమరు, దయచేయడం, చివర అండీ, మనం పిల్లలకు నేర్పిన మర్యాదలన్నీ వరుసగా ఉన్నాయి, ఉండే చెంప పగలగొడుతున్నాయి. బూతు మాట వేరు, మనిషి మీద దాడి వేరు. మొదటిది లేకుండా రెండవది, రెండవది లేకుండా మొదటిది ఎంతైనా జరగవచ్చు. తెలుగు ఇంట్లో పెరిగిన పన్నెండేళ్ల పిల్లకు కూడా తెలిసే ఈ తేడా, పదాల జాబితాతో పనిచేసే యంత్రానికి తెలియదు. భాష రాకుండా అనువాదం మీద ఆధారపడి ఎక్కడో కూర్చుని చూసే ఉద్యోగికీ తెలియదు.

పైగా మనవారిలో చాలామంది తెలుగును తెలుగు లిపిలో రాయరు. ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాస్తారు. తిట్టునైతే మధ్యలో ఒక చుక్కో, నక్షత్రమో, అంకో పెట్టి మరీ రాస్తారు. ఒక్క మాటకు పదిహేడు రూపాలు నేను స్వయంగా లెక్కపెట్టాను. నిషిద్ధ పదాలను ముందుగా నమోదు చేసుకునే వీలు మా వంటి గ్రూపులకు ఉంది కాబట్టి వాటన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. ఛందస్సు బోధించిన చేత్తో ఇప్పుడు ఈ పని చేస్తున్నాను. ఒకనాడు ఆ పుస్తకం మా ఆవిడ కంటబడినప్పుడు నేను ఇచ్చుకున్న సంజాయిషీ వేరే కథ.

తిట్టినవారిని జైలులో పెట్టే కొత్త చట్టం కోసం ఈ లేఖ రాస్తున్నానని దయచేసి అనుకోవద్దు. ఆ ముచ్చట మనం ఒకసారి తీర్చుకున్నాము. సమాచార సాంకేతిక చట్టంలో 66ఎ సెక్షను 2009లో అమలులోకి వచ్చి, "తీవ్రంగా నొప్పించే" సందేశం పంపినవారికి మూడేళ్ల దాకా శిక్ష అన్నది. నొప్పి అన్నది ఎవరి చర్మాన్ని బట్టి వారికి ఉంటుంది కాబట్టి, అధికారంలో ఉన్నవారి చర్మమే దానికి కొలబద్ద అయింది. 2012 నవంబరులో ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన యువతిని, దానిని మెచ్చిన మరో యువతిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షనును కొట్టివేసింది. ఆ తీర్పునిచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. కొట్టివేసిన సెక్షను కింద పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోవలసి రావడం మన వ్యవస్థకు సంబంధించిన మరో విచిత్రం. 2024 మార్చిలో జస్టిస్ ఎ.ఎస్. బోపన్న, జస్టిస్ పి.ఎస్. నరసింహలతో కూడిన ధర్మాసనం ఒక వెబ్ సిరీస్ కేసులో బూతు మాటలు ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కాదని తేల్చిచెప్పింది. కాబట్టి నోటి దురుసును నేరం చేయమని నేను అడగను. బెదిరింపుకు, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటకు, వెంటాడి వేధించడానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లు ఉన్నాయి. కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఉన్నవి చాలు.

చాలనిది మరొకటి. 2024 జూలైలో ఒక తండ్రి, అతని చిన్నారి కూతురు కలిసి ఉన్న వీడియో మీద హాస్యం పేరుతో కొందరు తెలుగు యువకులు అతి నీచంగా మాట్లాడుకున్నారు. పేరున్న సినీ నటుడు ఒకరు దానిని బహిరంగంగా ఎత్తిచూపగా, తెలంగాణ ప్రభుత్వ పెద్దలు స్పందించారు, కేసు నమోదైంది, ప్రధాన నిందితుడిని పోలీసులు బెంగళూరులో పట్టుకున్నారు. అందుకు సంతోషమే. అంతకు ముందు 2020 అక్టోబరులో, న్యాయమూర్తులను దూషిస్తూ పెట్టిన పోస్టుల విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. సినిమా హీరో చెబితే వ్యవస్థ కదులుతుంది, హైకోర్టు ఆదేశిస్తే కదులుతుంది. రాజకీయ పార్టీల సోషల్ మీడియా సేనల సంగతి చెప్పనే అక్కరలేదు. మన తిట్టు భావప్రకటన, అవతలివాడి తిట్టు నేరం అన్న సూత్రం రెండు రాష్ట్రాల్లోనూ అన్ని జెండాలకూ సమానంగా వర్తిస్తున్నది. ఆనపకాయ ఫోటో పెట్టిన మనిషికి హీరో లేడు, హైకోర్టు లేదు, జెండా లేదు. ఆమెకు ఉన్నదల్లా "ఫిర్యాదు చేయండి" అన్న ఒక మీట, దాని అవతల తెలుగు రాని ఒక మౌనం.

ఇక్కడే తమ శాఖ పని మొదలవుతుంది. 2021 ఫిబ్రవరి 25న మీ శాఖ ప్రకటించిన నియమాల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఇరవైనాలుగు గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేయాలి. యాభై లక్షలకు మించి సభ్యులున్న సంస్థలు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం చేశాయో నెలనెలా నివేదిక ప్రచురించాలి. 2022 అక్టోబరు సవరణ, సంస్థ నిబంధనలు ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ వాడుకరి కోరుకున్న భాషలో ఉండాలన్నది, సంస్థ నిర్ణయం మీద అప్పీలుకు కమిటీలను కూడా తెచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ నిబంధనలు తెలుగులో చదువుకోవచ్చునన్న నియమం, నా ఫిర్యాదును తెలుగు వచ్చినవారే చదవాలని మాత్రం అనలేదు. నెలవారీ నివేదికలో భాషల వారీ లెక్క ఇవ్వాలని ఏ సంస్థనూ అడగలేదు. ఈ దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష తెలుగు. వారి మాటల మీద తీర్పు చెప్పడానికి ఒక్కొక్క సంస్థలో తెలుగు చదవగలిగినవారు వందమంది ఉన్నారో, పదిమంది ఉన్నారో, అసలు ఎవరైనా ఉన్నారో చెప్పాలని మన నియమాలలో ఎక్కడా లేదు.

ఇది సంస్థల వ్యాపార రహస్యమని ఎవరైనా అంటే ఐరోపా సమాఖ్యను చూపించండి. అక్కడి డిజిటల్ సేవల చట్టం ప్రకారం అతిపెద్ద సంస్థలు సమాఖ్యలోని 24 అధికార భాషలలో ఒక్కొక్కదానికి ఎంతమంది పరిశీలకులను పెట్టాయో ప్రచురించి తీరాలి. మాల్టా జనాభా అయిదారు లక్షలకు మించదు, ఖమ్మం జిల్లా కన్నా చిన్న దేశం. ఆ మాల్టీస్ భాషకు లెక్క చెబుతున్న సంస్థలు తెలుగుకు ఎందుకు చెప్పవు? అక్కడ చట్టం అడిగింది, ఇక్కడ మనం అడగలేదు.

కనుక నా విన్నపం ఇది. నెలవారీ నివేదికలో షెడ్యూలు భాషల వారీగా వచ్చిన ఫిర్యాదులెన్ని, యంత్రం చూసినవెన్ని, మనిషి చూసినవెన్ని, ఆ భాష చదవగల పరిశీలకులెందరు అన్నది ఇవ్వాలని నియమాలను సవరించండి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును తెలుగు లెక్కలోనే చూపమనండి. లేకపోతే సగానికి సగం ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతుంది. తెలుగులో ఇచ్చిన ఫిర్యాదుకు తెలుగులోనే జవాబు రావాలి. ఆ జవాబులో ఏ నిబంధన ప్రకారం తొలగించారో, ఏ కారణం చేత ఉంచారో ఒక వాక్యమైనా ఉండాలి. అప్పీలు కమిటీ ఒక్కొక్కదానిలో ఒక అధ్యక్షుడు, ఇద్దరు పూర్తికాలపు సభ్యులు ఉంటారు. ఆ ముగ్గురికీ అన్ని భాషలూ వచ్చి ఉండాలని ఎవరూ కోరరు కానీ, తెలుగు వ్యాఖ్య మీద నిర్ణయం చెప్పే ముందు రెండు రాష్ట్రాల మాండలికాలూ తెలిసినవారి అభిప్రాయం తీసుకోవడం కష్టమేమీ కాదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో చదువుకుని ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న నా శిష్యులే ఎందరో ఉన్నారు.

మా వంటి అడ్మిన్ల గురించి కూడా ఒక్క మాట. సభ్యుడెవరో రాసినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పినా, ఆ సంగతి తెలియక, పోలీసు నోటీసుకు భయపడి గ్రూపులు మూసేసుకున్న మంచివారు నాకు తెలుసు. దీనిపై మీ శాఖ తెలుగులో ఒక పేజీ వివరణ ప్రచురిస్తే, దానిని ప్రతి గ్రూపులోనూ పైన అతికించుకుంటాము.

నిర్వాహకుడిగా నా తప్పు కూడా ఒప్పుకోవాలి. సొరకాయ, ఆనపకాయ తగాదా మొదలైన తొలి అరగంటలో నేను దానిని చూసి, భాషాభిమానం కదా అని ముచ్చటపడి ఊరుకున్నాను. అప్పుడే ఇద్దరినీ ఆపి ఉంటే ఆమె ఈపాటికి బీరకాయల ఫోటోలు పెడుతూ ఉండేవారేమో. ఇప్పుడు మా గ్రూపులో ఒక కాయకు ఎన్ని పేర్లున్నా అన్నీ రాయవచ్చునన్న నియమం పెట్టాము.

ఈ లేఖతో పాటు నేను పైన చెప్పిన నోటుపుస్తకం నకలును రిజిస్టరు పోస్టులో మీ కార్యాలయానికి పంపుతున్నాను. మూడు వందలకు పైగా మాటలు, వాటి రూపాంతరాలు, ఏ ప్రాంతంలో ఏది తిట్టు, ఏది ముద్దు అన్న వివరణ అందులో ఉన్నాయి. తెలుగు తెలిసిన అధికారి ఎవరికైనా దానిని అప్పగించవలసిందిగా కోరుతున్నాను. ఆ అధికారి చేత దానిని సమావేశంలో పైకి మాత్రం చదివించవద్దని మనవి.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఖమ్మం