అమ్ములుకి, అసిటనిలైడ్ సంగతి

అమ్ములూ,

ఇక్కడ అందరం కులాసా. ముసురు పట్టి నానమ్మ బీచ్ రోడ్డు నడక మానేసింది. మామయ్యవాళ్ళు కంచరపాలెం ఇల్లు ఖాళీ చేశారు. నీ ఫోనే లేదు. ప్రాక్టికల్స్‌లో వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి, శుభ్రమైన క్రిస్టల్స్‌గా రాబట్టాల్సిన నీ అసిటనిలైడ్ పొడి అంతా పోయిందని, సరిగ్గా తినడం లేదని సింధు చెప్పిందట. అడగకూడదనే అనుకున్నాను.

ఎక్కడికీ పోదమ్మా, ఆ నీళ్లలోనే ఉంటుంది. మరిగే నీళ్లు 100 మి.లీ.లో 5.5 గ్రాములు కరుగుతుంది, చల్లారితే అర గ్రాము పైచిలుకే. 10 గ్రాములకి 10ని 5.5తో భాగించి వందతో హెచ్చవేస్తే 182 మి.లీ. చల్లారాక అందులో ఒక గ్రాము ఉండిపోతుంది, తొమ్మిది చేతికొస్తాయి. భయపడి 500 పోస్తే రెండున్నర గ్రాములకు పైగా మదర్ లిక్కర్‌లోనే, అంటే క్రిస్టల్స్ వడకట్టాక మిగిలే నీళ్లలోనే ఉండిపోతాయి. వేడిగా వడకట్టేటప్పుడు మాత్రం పదీ ఇరవై శాతం ఎక్కువ పోసుకో, లేకపోతే ఫన్నెల్ కాడలోనే గడ్డకడుతుంది.

అప్పలరాజు ట్రైనీగా పరవాడలో మా ప్లాంట్‌కి వచ్చిన కొత్తలో రియాక్టర్‌లో నలుసులు కరగడం లేదని సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, మెథనాల్ ఎక్కిస్తూనే ఉన్నాడు. ఆ నలుసులు చెత్త, ఎంత పోసినా కరగవు. రాత్రంతా చిల్లింగ్‌లో పెట్టినా ఒక్క క్రిస్టల్ పడలేదు. ఉద్యోగం పోయిందనుకుని పొద్దున్న క్యాంటీన్‌కి కూడా రాలేదు, టిఫిన్ నేనే పట్టుకెళ్లాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఏమీ అనలేదు. వాక్యూమ్ పెట్టి సగం పైగా సాల్వెంట్ లాగించి, చల్లబరుస్తూ క్రిస్టల్స్ పడడం మొదలవడానికి పాత బ్యాచ్ పొడి చిటికెడు సీడ్‌గా వేయించాడు. మధ్యాహ్నానికి సైట్ గ్లాస్‌లోంచి చూస్తే లోపలంతా తెల్లగా చిక్కబడింది. మెటీరియల్ దాదాపు అంతా వచ్చింది.

నువ్వూ ఆ నీళ్లు పారబోయకుండా ఉంటే మరిగించి తగ్గించు, చల్లారాక క్రిస్టల్స్ మొదలవడానికి గాజు కడ్డీతో బీకరు లోపలి గోడ గీకు. వేడి మీద అడుగున నూనె బొట్లు కనిపిస్తే అది చెత్త కాదు, కరగని అసిటనిలైడే. దానికి మాత్రం కొంచెం కొంచెం వేడినీళ్లు పొయ్యి. లెక్క ముందే రికార్డులో రాసుకోవాలి, కంటి కొలత పనికిరాదు. ఆల్కహాల్ వాడే రోజున బర్నర్ జోలికి వెళ్లకు, జుట్టు ముడి వేసుకో.

సోమవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే పద్మత్తతో కందిపొడి, మాడుగుల హల్వా పంపిస్తున్నాం. స్టేషన్‌కి నువ్వే వెళ్లు. ఖాళీ కడుపుతో ల్యాబ్‌లో నిలబడొద్దు. మళ్లీ చేశాక ఎన్ని గ్రాములొచ్చిందో నాకు చెప్పు, తిన్నావో లేదో అమ్మకి చెప్పు.

నాన్న