సైగాన్ వీధుల్లో ఉన్నది అరాచకం కాదు

సంపాదకులు గారికి,

అయ్యా,

గత ఆదివారం అనుబంధంలో వియత్నాంలోని హో చి మిన్ సిటీ గురించి మీరు ప్రచురించిన యాత్రావ్యాసం అక్కడి ట్రాఫిక్‌ను 'అరాచకం' అనే ఒక్క మాటతో తేల్చేసింది. బైకులను తగ్గించి, కార్లకు అనువుగా రోడ్లు వెడల్పు చేస్తే తప్ప ఆ నగరం బాగుపడదని కూడా అందులో రాశారు. ఈమధ్యే నా భార్యతో కలిసి తొమ్మిది రోజులు ఆ నగరంలో ఎక్కువగా కాలినడకనే తిరిగి వచ్చినవాడిగా, ఈ రెండు మాటలతోనూ ఏకీభవించలేకపోతున్నాను. (1976లో పేరు మారినా అక్కడివారు చాలామంది ఇప్పటికీ సైగాన్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.)

మొదటి రోజు బెన్ థాన్ మార్కెట్ ఎదుట రోడ్డు దాటలేక పావుగంట నిలబడిపోయిన మాట నిజమే. ఒక బైకు మీద నలుగురు, ఒకదాని మీద కుర్చీల దొంతర, ఇంకొకదాని మీద గోనె కప్పిన ఐసు దిమ్మ, ఇలా వస్తూనే ఉన్నాయి గానీ ఎక్కడా తెంపు లేదు. మా అవస్థ చూసి, లాటరీ టికెట్లు అమ్ముకునే ఒక ముసలావిడ నా భార్య మణికట్టు పట్టుకుని, టికెట్ల కట్ట ఉన్న రెండో చేతిని కిందికి చాపి రోడ్డు మీదికి దిగింది. ఆమె పరుగెత్తలేదు, ఆగలేదు, వెనక్కి తగ్గలేదు. గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టు ఒకటే నడక. బైకులు కొన్ని మా ముందు నుంచి, కొన్ని వెనక నుంచి తప్పుకుపోయాయే తప్ప ఒక్కరూ మమ్మల్ని తిట్టలేదు. అవతల గట్టున చేరాక మా చేత రెండు టికెట్లు కొనిపించింది, అది వేరే సంగతి.

మర్నాటి నుంచి మేమే దాటాం. నడిచేవారి వేగం మారనంతవరకూ, మరుక్షణం వారు ఎక్కడ ఉంటారో బైకు నడిపేవారికి తెలుస్తుంది. ఉన్నట్టుండి ఆగినా, పరుగు తీసినా ఆ లెక్క తప్పుతుంది. బైకు నెమ్మదిగా వస్తుంది, తప్పుకోవడానికి దానికి రెండు మూరల చోటు చాలు. కారుకూ బస్సుకూ ఆ వెసులుబాటు లేదు కాబట్టి వాటి ముందు మనమే ఆగి తీరాలి. అంటే బైకుల స్థానంలో కార్లు వచ్చినకొద్దీ సైగాన్‌లో రోడ్డు దాటడం కష్టమవుతుందే గాని తేలిక కాదు. మీ వ్యాసకర్త చెప్పిన మందు రోగాన్ని పెంచేదే.

అక్కడ చట్టం లేదనుకోవడమూ పొరపాటే. 2007 డిసెంబరు 15 నుంచి ఆ దేశంలో అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి, నగరంలో అది లేని తల మాకు చాలా అరుదుగా కనిపించింది. 2025 జనవరి 1 నుంచి ఎర్రలైటు దాటిన బైకుకు జరిమానా కనీసం 40 లక్షల డాంగ్‌లు, మన డబ్బులో సుమారు 13 వేల రూపాయలు. ఫుట్‌పాత్ ఎక్కినా అంతే. ఆ భయానికి అందరూ సిగ్నళ్ల దగ్గర ఆగిపోవడంతో కూడళ్లు స్తంభించి, కుడివైపు తిరిగే బైకుల కోసం చాలాచోట్ల ప్రత్యేకంగా బాణం గుర్తు లైట్లు పెట్టవలసి వచ్చింది. అయినా ఒక సాయంత్రం ఆరింటికి ఫుట్‌పాత్ మీద మా వెనకే హారన్ మోగిందని కూడా చెప్పాలి.

నిజంగా విమర్శించదలిస్తే ఆ ఫుట్‌పాత్‌లనే విమర్శించాలి. నిలిపిన బైకులు, పొట్టి ప్లాస్టిక్ పీటలు, గ్లాసు మీది రేకు ఫిల్టరులోంచి చుక్కచుక్కగా దిగే కాఫీ, వీటి మధ్య నడకదారి వెతుక్కోవాలి. వాటిని ఖాళీ చేయించాలని 2017లో నగరం నడిబొడ్డున పెద్ద హడావుడే జరిగింది గానీ ఫలితం నిలవలేదు. 2024 నుంచి మరో దారి పట్టారు. నడిచేవారికి కనీసం ఒకటిన్నర మీటర్లు వదిలితే, అనుమతించిన వీధుల్లో మిగతా చోటును రుసుముకు ఇస్తున్నారు. నాకు ఇదే న్యాయంగా తోచింది, ఎందుకంటే ఆ పీటల మీద కూర్చున్నవారూ నగరవాసులే.

2012లో పని మొదలై, 2024 డిసెంబరు 22న ప్రారంభమైన 19.7 కిలోమీటర్ల తొలి మెట్రో మార్గం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. బైకులు తగ్గాలనుకుంటే అటు చూడాలి.

మీ వ్యాసం చదివిన మా పింఛనుదారుల సంఘం మిత్రుడొకరు, వచ్చే నెలకు తీసుకున్న టికెట్లు రద్దు చేసుకోమంటారా అని నన్ను అడిగారు. అందుకే ఇంత రాయవలసి వచ్చింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కాకినాడ