మన వేసవి సెలవులు, ఆల్ప్స్ వేసవి ఒకటి కావు

సంపాదకుల వారికి నమస్కారములు.

వేసవి సెలవులు దగ్గర పడుతున్నకొద్దీ స్విట్జర్లాండ్ యాత్రల ప్రకటనలు మీ పత్రికలోనూ, ద్వారకానగర్, సిరిపురం కూడళ్లలోని హోర్డింగుల మీదా కనిపిస్తున్నాయి. పచ్చిక బయలు, మెడలో గంటలు కట్టిన ఆవులు, కొయ్య ఇళ్ల కిటికీలలో ఎర్రని పూలు, వెనుక మంచు శిఖరాలు: అన్నిటా ఇదే బొమ్మ. ఆ బొమ్మ అబద్ధం కాదు గానీ, అది జులై, ఆగస్టు నెలల బొమ్మ. మన రాష్ట్రంలో బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ చివరి వారంలో, తిరిగి తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అక్కడి ఆల్ప్స్ కొండ పల్లెల వేసవి మొదలయ్యేసరికి మన పిల్లలు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ ఉంటారు. ఈ తేడా తెలియక నష్టపోయిన కుటుంబాలలో మాది ఒకటి కనుక, ఈ ఏడాది బయలుదేరదలచిన వారికి ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మే నెల రెండో వారంలో నేను, నా భార్య, మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవలతో కలిసి, నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా అక్కడి ఒక ఎత్తయిన పల్లెలో నాలుగు రాత్రులు బస చేశాము. మేము దిగేటప్పటికి పై కొండకు వెళ్లే కేబుల్ కారు నిలిపివేసి ఉంది. వీధిలో హోటళ్లు చాలావరకు మూసి ఉన్నాయి. నడకదారులు పల్లె దాటిన అరగంటకే మంచు కింద మాయమయ్యాయి. ఎనిమిదేళ్ల మా చిన్న మనవడు నాలుగు రోజులూ "తాతయ్యా, ఆవులేవీ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆవులు ఇంకా లోయలోని కొట్టాలలోనే ఉన్నాయి. బడిలో మూడు దశాబ్దాలు భూగోళం బోధించిన నేను ఆ మాట ముందే ఆలోచించి ఉండవలసింది. ఏజెంటును అడిగితే, ఇచ్చిన కాగితంలో 'వాతావరణాన్ని బట్టి' అన్న ఒక్క మాట చూపించాడు. ఆ కేబుల్ కారు ఆగిపోయింది వాతావరణం వల్ల కాదు, ముందే ప్రకటించిన తేదీల ప్రకారం. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తున్న విషయం.

అరకులో వలిసె పూలు మే నెలలో విరగబూస్తాయని ఎవరైనా చెబితే విశాఖవాసి నమ్మడు. అవి వానలు వెనుకబట్టాక, చలి మొదలయ్యే రోజుల్లో కొండవాలులను పసుపు చేస్తాయని మనకు తెలుసు. ఆల్ప్స్ విషయంలో మాత్రం మనకు ఆ ఎరుక లేదు. మనం ఉన్నది సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆ పల్లెలు ఉన్నది 46, 47 డిగ్రీల మధ్య. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చలికాలమంతా పేరుకున్న మంచు రెండు వేల మీటర్ల పైన, అందులోనూ ఎండ తగలని ఉత్తరపు వాలులలో, జూన్ దాకా కరగదు. కార్లు వెళ్లే ఎత్తయిన కనుమ దారులు కూడా చాలావరకు మే చివరిలోనో జూన్‌లోనో గానీ తెరుచుకోవు. స్కీయింగ్‌కు వచ్చేవారు వెళ్లిపోయి, నడకకు వచ్చేవారు ఇంకా రాని ఈ నడిమి వారాలలోనే కేబుల్ కార్ల తాళ్లను, పెట్టెలను, యంత్రాలను పరీక్షించి మరమ్మతు చేస్తారు. హోటళ్ల సిబ్బంది సెలవు తీసుకునేదీ అప్పుడే. మన సెలవులకు నట్టనడిమి భాగమైన మే నెల అక్కడ విరామ కాలం.

అక్కడి ఆవుల నడకను బట్టి ఈ కాలెండరు మరింత బాగా బోధపడుతుంది. చలికాలమంతా కొట్టంలో ఎండుగడ్డి తిన్న పశువులను మంచు కరిగేకొద్దీ ముందు నడిమి పచ్చికలకు, తరువాత జూన్, జులై నెలలలో అన్నిటికన్న పై మేతలకు తోలుకుపోతారు. కాపరులు ఆ ఎత్తునే ఉండి పాలు పితికి, అక్కడికక్కడే చీజు తయారు చేస్తారు. సెప్టెంబరులో పూలు, పెద్ద గంటలు అలంకరించి మందలను ఊరేగింపుగా కిందికి దింపుతారు. ఈ మేత కాలపు సంప్రదాయాన్ని యునెస్కో 2023లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. థున్ సరస్సుకు ఎగువనున్న యుస్టిస్టాల్ లోయలో ఆ నెలలోనే వేసవంతా చేసిన చీజును, ఎవరి ఆవులు ఎంత పాలిచ్చాయో ఆ లెక్కన రైతులందరూ పంచుకుంటారు. మా మనవడు వెతికిన ఆవులు ఈ కాలచక్రంలో ఎక్కడ ఉంటాయో తెలిసి ఉంటే మేము ఆ ఊరిని ఆ నెలలో ఎంచుకునేవాళ్లం కాదు.

అలాగని మేలో అసలు వెళ్లకూడదని నా అభిప్రాయం కాదు. సెలవు మేలోనే దొరికేవారు ఎత్తయిన పల్లె కాకుండా లోయలోని పల్లెను ఎంచుకోవాలి. బెర్న్ రాష్ట్రంలోని లౌటర్‌బ్రూనెన్ సముద్ర మట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు లోయ అంతకంటె ఎత్తు అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. నిటారు రాతిగోడల నడుమ ఉన్న ఆ లోయలో 72 జలపాతాలు ఉన్నాయంటారు. వాటిలో పల్లె పక్కనే దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి దూకే స్టౌబ్‌బాఖ్, మంచు కరిగే మే, జూన్ నెలలలో నిండుగా ఉండి, వేసవి ముదిరేకొద్దీ సన్నబడుతుంది. ఆ పల్లెకు దగ్గరలో కొండ కడుపులోనే దుమికే ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలు ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల హిమనదాల నీటిని మోసుకొస్తాయి. ఉరవడి హెచ్చినప్పుడు అక్కడ సెకనుకు 20,000 లీటర్ల దాకా నీరు పారుతుంది. బొర్రా గుహలలో నిలబడి గోస్తని చప్పుడు విన్న పిల్లలకు ఈ చోటు తప్పక నచ్చుతుంది. మంచును చేత్తో తాకాలన్న కోరిక మాత్రమే ఉన్నవారికి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషను ఏడాది పొడవునా అందుబాటులోనే ఉంటుంది. 1896లో మొదలుపెట్టి, పదహారేళ్లు కొండను తొలిచి, 1912లో పూర్తి చేసిన రైలు మార్గం అది. చాలా ప్యాకేజీ యాత్రలు మే నెలలో అక్కడికే తీసుకుపోవడానికి ఇదొక కారణం. అయితే ఆ చోటును మూడు గంటలు చూసి రావడం వేరు, ఒక పల్లెలో వారం రోజులు ఉండడం వేరు. నేను కోరుకున్నది రెండవది.

పిల్లలున్న కుటుంబాలకు అన్నిటికంటె అనువైనవి మే చివరి రోజులు, బడి తెరిచేలోపు వచ్చే జూన్ మొదటి పది రోజులు. అప్పటికి మధ్యస్థ ఎత్తులోని పల్లెలు మేలుకుంటాయి. పచ్చికలలో పూలు మొదలవుతాయి, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక గానీ కాదు. ఈసారి మేము అనుకుంటున్నది 1,274 మీటర్ల ఎత్తున ఉన్న వెంగెన్. ఆ ఊరికి కార్లు వెళ్లవు. లౌటర్‌బ్రూనెన్ నుంచి, పట్టాల నడుమ రంపంలా పళ్లున్న కమ్మీని పట్టుకుని ఎక్కే రైలు ఒక్కటే దారి. ఆ రైలు 1893 నుంచి నడుస్తున్నది. కొత్తవలస దాటి సొరంగాల గుండా మెల్లగా అరకుకు ఎక్కే కిరండోల్ రైలును ఇష్టపడే మన ఊరివారికి ఆ ప్రయాణమే సగం పండుగ. జ్యూరిక్ విమానాశ్రయం అడుగునే రైల్వే స్టేషను ఉంది. అక్కడ రైలెక్కితే మధ్యలో మారుతూ సుమారు మూడు గంటలలో పల్లెకు చేరవచ్చు. ఒక రైలు దిగేసరికి తరువాతి రైలు సిద్ధంగా ఉండేలా దేశమంతటి టైంటేబులు అల్లి ఉంటుంది కనుక పెద్దవారు కంగారు పడనక్కరలేదు. అయితే జూన్ మొదట్లో కూడా అన్నీ తెరుచుకోవు. ఇంటర్లాకెన్ దగ్గరి షినిగె ప్లాటె కొండకు వెళ్లే పాత రైలు, పైన ఉన్న ఆల్ప్స్ మొక్కల తోట సాధారణంగా జూన్‌లో గానీ మొదలు కావు. అందువల్ల టికెట్లు కొనే ముందే ప్రతి కేబుల్ కారు, ప్రతి కొండ రైలు తెరిచే తేదీని ఆ సంస్థ ప్రకటించిన పట్టికలో స్వయంగా చూసుకోవాలి. ఆ పల్లెలు ఇంటర్నెట్‌లో కెమెరాల ద్వారా కొండలను ప్రత్యక్షంగా చూపిస్తాయి. కిందటేడు అదే వారంలో మంచు ఎంత ఉందో వాటిలో కొన్ని పాత చిత్రాలతో సహా చూపుతాయి.

ఒకే ఊళ్లో వారం ఉండడానికి వేరే లాభాలూ ఉన్నాయి. వంటగది ఉన్న అద్దె ఇళ్లు అక్కడ మామూలు. చాలా ఇళ్లను శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కన ఇస్తారు. మా ఆవిడకు పప్పుచారు లేకుండా రెండో రోజు గడవదు కనుక మాకిది పెద్ద ఊరట. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన దేశం నుంచి మాంసం, పాలు, పాల పదార్థాలు స్విట్జర్లాండ్‌కు తీసుకుపోకూడదు, కాబట్టి నెయ్యి సీసా కూడా పనికిరాదు. పచ్చి పండ్లు, ఆకుకూరలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ప్రేమతో సర్దిన బంగినపల్లి పండ్లను, కరివేపాకును విమానాశ్రయంలోనే వదులుకోవలసి వస్తుంది. బియ్యం, కందిపప్పు, కారప్పొడులు తీసుకుపోతే చాలు. చిన్న పల్లెల్లో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కనుక శనివారం దిగినవారు ఆ సాయంత్రమే పాలు, కూరగాయలు కొనుక్కోవాలి. పల్లెలో బస చేసినవారికి అతిథి కార్డు ఇస్తారు. చాలాచోట్ల దానితో స్థానిక బస్సులలో ఉచితంగా తిరగవచ్చు.

నడకదారుల గురించి పెద్దలకు ఒక మాట చెప్పాలి. అక్కడి పసుపుపచ్చ దారి పలకల మీద దూరం కాక, పట్టే సమయం గంటలలో, నిమిషాలలో రాసి ఉంటుంది. పసుపు గుర్తులున్న దారి ఎవరైనా నడవదగినది. తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తు ఉంటే అది కొండదారి, దానికి మంచి బూట్లు, గట్టి మోకాళ్లు కావాలి. తెలుపు-నీలం-తెలుపు గుర్తు మనవంటివారికి కాదు. బీచ్ రోడ్డులో పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి పార్కు హోటల్ దాకా నడిచే అలవాటున్న అరవై ఏళ్లవారు పసుపు దారుల మీద హాయిగా తిరగగలరు.

టికెట్ల విషయంలో, దేశమంతా తిరిగేవారికి స్విస్ ట్రావెల్ పాస్ లాభమే. ఒకే పల్లెలో ఉండేవారు మాత్రం నెల రోజులు పనిచేసే, టికెట్ల మీద సగం దాకా తగ్గింపు ఇచ్చే హాఫ్ ఫేర్ కార్డుతో పోల్చి లెక్క వేసుకోవాలి. తల్లి గానీ తండ్రి గానీ వెంట ఉంటే పదహారేళ్లలోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు మీద రైళ్లలో టికెట్టు అక్కరలేదు.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆఖరి గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. జూన్‌లో వెళ్లదలచినవారు సంక్రాంతి పిండివంటలు ముగియగానే కాగితాలు సిద్ధం చేసుకుని హైదరాబాద్ కేంద్రంలో తేదీ తీసుకోవడం మంచిది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) నియమం. పది రోజులలో అయిదు దేశాలు చుట్టేవారికి ఇది తికమక గానీ, ఒకే పల్లెలో ఉండేవారికి ఒక్క బస పత్రంతో తేలిపోతుంది.

వేసవిలో కుదరనివారు దసరా సెలవుల గురించి ఆలోచించవచ్చు. దసరా సెప్టెంబరు చివర పడిన ఏడాది కేబుల్ కార్లు నడుస్తూనే ఉంటాయి. మంచు కరిగిన దారులు పొడిగా ఉంటాయి, మందలు కిందికి దిగే ఊరేగింపు కూడా కంటబడవచ్చు. అక్టోబరు రెండో సగంలో పడితే మాత్రం మళ్లీ తేదీలు చూసుకోవాలి, ఎందుకంటే ఆ నెలాఖరుకు చాలా కేబుల్ కార్లు మరో విరామానికి ఆగిపోతాయి.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. మీ పర్యాటక పేజీలో ఇటువంటి పల్లెల గురించి రాసినప్పుడల్లా, ఆ బొమ్మ ఏ నెలలో తీసినదో బొమ్మ కిందనే ముద్రించండి. మే నెల యాత్రల ప్రకటనలు ఇచ్చే సంస్థలు, ప్రయాణ తేదీలలో ఏ కేబుల్ కార్లు, ఏ కొండ రైళ్లు నడుస్తాయో డబ్బు తీసుకునే ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని మీరు సంపాదకీయంగా కోరితే, ఎన్నో కుటుంబాల ఏళ్ల పొదుపు వృథా కాకుండా ఉంటుంది. మధ్యతరగతివారికి ఇది జీవితంలో ఒక్కసారి చేసే ఖర్చు. అడ్వాన్సులు కట్టేది జనవరి, ఫిబ్రవరి నెలలలోనే కనుక ఈ వివరాలు అప్పుడే అచ్చులోకి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.