ఆదివారం ఆయుంగ్ నదికి వెళ్ళేముందు

మక్తల్,
20 మార్చి 2026, శుక్రవారం రాత్రి.

చిరంజీవి సౌభాగ్యవతి స్వప్నకు బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అల్లుడుగారు, చింటు, నువ్వు అక్కడ బాలిలో క్షేమంగా ఉన్నారన్న నమ్మకం ఈ పొద్దున నీ గొంతు విన్న తర్వాతే కలిగింది. ఈ ఉత్తరాన్ని శీను ఫోటోలు తీసి నీకు పంపుతాడు. ఫోనులోనైతే సగం మాటలు మీ అమ్మ అందుకుంటుంది, మిగిలిన సగం చింటు లాక్కుంటాడు కనుక చెప్పదలచుకున్నవన్నీ కాగితం మీద పెడుతున్నాను. తీరిక చూసుకుని చివరిదాకా చదువు బిడ్డా.

నిన్న ఉగాది. పొద్దున ఆరు గంటల నుంచి రాత్రి పది దాకా నీకు పదకొండు సార్లు ఫోను చేశాము. బుధవారం మధ్యాహ్నం ఇంటి గ్రూపులో రబ్బరు పడవ ఎక్కిన ఫోటో ఒకటి పెట్టి, ఆ తర్వాత నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ఇంట్లో వాళ్ళం ఏమనుకోవాలి? మీ అమ్మ నీ వాటా, చింటు వాటా పచ్చడి వేరే గిన్నెలో తీసి పెట్టి, తాను మాత్రం మధ్యాహ్నం దాకా నోట్లో వేసుకోలేదు. నారాయణపేట నుంచి వచ్చిన మీ పద్మత్త ఆ ఫోటో చూసి, ఆ దేశంలో ఇంకా వానలు పడుతున్నాయట కదా అని రెండుసార్లు అన్నది. నిన్న నీ ఫోను అందదని శీనుకు నువ్వు ముందే చెప్పి పెట్టావని, వాడు మాకు చెప్పడం మరిచాడని ఈ రోజు తెలిసింది. వాడిని నేను ఏమీ అనలేదు, మీ అమ్మ అన్నది చాలు.

బాలి వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ న్యేపి గురించి నువ్వు చెప్పినది విని నాకు ఆశ్చర్యంతో పాటు సంతోషం కూడా కలిగింది. మనం ఇక్కడ శాలివాహన శకం 1948 అని పంచాంగం చదివించుకున్న రోజే వాళ్ళకు కూడా శకం 1948 మొదలైందని, ఆ ఒక్క రోజు నిప్పు వెలిగించకుండా, పని చేయకుండా, గడప దాటకుండా, ఆటపాటలు లేకుండా ద్వీపమంతా మౌనం పాటిస్తుందని, విమానాశ్రయాన్ని మూసి ఫోనుల్లో ఇంటర్నెట్ కూడా ఆపేస్తారని తెలిసి ఉంటే, నేను ఆ మౌనాన్ని పండుగగానే తీసుకునేవాణ్ణి. తెలియనందువల్ల రోజంతా ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

ఫోటో చాలా బాగుంది. రెండు వైపులా పచ్చటి గోడల్లాంటి లోయ, పైనుంచి సన్నగా జారుతున్న నీటిధార, ఎర్ర హెల్మెట్టు పెట్టుకుని తెడ్డును రెండు చేతులా పైకెత్తి నవ్వుతున్న నువ్వు. అల్లుడుగారు కొంచెం చిక్కినట్టు కనిపించారు. అక్కడ అన్నానికి కొదువ లేదని విన్నాను, మొహమాటపడకుండా అడిగి పెట్టించుకోమని చెప్పు. అయితే శీను ఆ ఫోటోను పెద్దది చేసి చూపించినప్పుడు నా కన్ను ఒక్కచోట ఆగింది. నీ లైఫ్ జాకెట్‌కు ముందువైపు మూడు క్లిప్పులున్నాయి. పైది, నడిమిది పెట్టి ఉన్నాయి. కిందిది వేలాడుతున్నది. వెలుతురు వల్ల అలా కనిపించిందేమోనని అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. వేలాడుతూనే ఉన్నది.

నువ్వు పొద్దున చెప్పినదంతా నాకు గుర్తున్నది. ఉబుద్ దగ్గర కొన్ని వందల మెట్లు దిగి నీళ్ళను చేరుకున్నామని, బాలి మొత్తంలో అన్నిటికన్నా పొడవైన నది ఈ ఆయుంగేనని, సుమారు 10 కిలోమీటర్ల దూరం రెండు గంటల్లో సాగిందని, మధ్యలో రాతిగోడల మీద రామాయణ ఘట్టాలు చెక్కి ఉన్నాయని, వెనక కూర్చున్న గైడు ‘ఫార్వర్డ్’ అంటే తెడ్డు ముందుకు వేసి, ‘బ్యాక్’ అంటే వెనక్కి వేసి, ‘స్టాప్’ అంటే చేతులు ఆపి చూస్తూ కూర్చోవడమే మా పని అని అన్నావు. నీళ్ళ ఉధృతికి ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుంటే ఈ నది రెండు, మూడు తరగతుల్లోదేనని అల్లుడుగారు కూడా ధైర్యం చెప్పారు. కాదనను. సంవత్సరం పొడుగునా కంప్యూటరు ముందు తల వంచుకుని పనిచేసే మీకు, చెట్ల నీడలో నీళ్ళ చప్పుడు వింటూ గడిపిన ఆ రెండు గంటలు ఎంత హాయినిచ్చి ఉంటాయో నాకు తెలుసు. జూరాల కట్టు మీద సాయంత్రం పూట ఒంటరిగా నిలబడిన రోజుల్లో నేను కూడా ఆ హాయిని ఎరుగుదును.

అయితే ఆ తరగతులు నీళ్ళు మామూలుగా ఉన్న రోజు లెక్కలు బిడ్డా. ఆ ద్వీపంలో నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలమని నువ్వే చెప్పావు, అంటే అది ఇంకా ముగియలేదు. మన దగ్గర కృష్ణకు రెండు వైపులా పరుచుకోవడానికి జాగా ఉంటుంది, అందుకని నీళ్ళు మెల్లగా ఎక్కుతాయి. ఇరుకైన లోయలో పారే నదికి పక్కకు పోయే దారి ఉండదు కనుక, పైన కొండల్లో గంటసేపు గట్టి వాన కురిస్తే మీరున్న చోట చుక్క పడకపోయినా నీళ్ళు నిలువుగా లేస్తాయి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబారడం, ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకురావడం, అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు వినిపించడం, ఇవి కనిపిస్తే ఎవరినీ అడగనక్కరలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నీటిమట్టం చూపే గేజీ రాళ్ళు చూసిన మనిషిని, ఈ ఒక్క విషయంలో నా మాట విను. నీకు పాఠం చెప్పాలని కూర్చోలేదు కానీ ఆదివారం మళ్ళీ వెళ్తున్నామని, ఈసారి చింటును కూడా తీసుకుపోతున్నామని నువ్వు అన్నప్పటి నుంచి నాకు చేతిలో పని సాగడం లేదు.

ఆ గైడు వాళ్ళ నాయిన సుబాక్‌లో రైతు అని నువ్వు మాటవరుసకు చెప్పావు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. శీనుతో చదివించుకుని తెలుసుకున్నాను. నది నుంచి, వాగుల నుంచి వచ్చే నీళ్ళను మెట్ల పొలాలకు వంతుల వారీగా పంచుకునే రైతుల సంఘమే సుబాక్ అని, దాని పెద్దను పెకాసే అంటారని, గుడిలో పూజ చేసి అందరూ కలిసి నీళ్ళ వంతులు నిర్ణయించుకుంటారని, 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించిందని అందులో ఉన్నది. మన చెరువుల కింద తూము ఎత్తి, దించి, చివరి మడికి కూడా నీళ్ళు అందేలా చూసే నీరటి ఉండేవాడు కదా, మీ తాత ఎప్పుడూ ఆయన పేరు చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి నీళ్ళ సంగతి మీకన్నా, నాకన్నా ఎక్కువ తెలుసు. అతడు ఈ రోజు వద్దంటే వద్దనే అర్థం. అప్పుడు అతనితో వాదించవద్దు, డబ్బు కట్టామని అనవద్దు.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా వ్రాస్తున్నానో చెప్పాలంటే నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

నీకు మూడేళ్ళు నిండని రోజులవి. నీకు విడవకుండా జ్వరం వస్తే, తగ్గితే కురువపురం తీసుకువస్తానని మీ అమ్మ శ్రీపాద శ్రీవల్లభులకు మొక్కుకున్నది. శ్రావణమాసం. నాకు దొరికింది ఒక్క రోజు సెలవు. పంచదేవ్‌పహాడ్ రేవుకు చేరేసరికి పదకొండు దాటింది. కురువపురం కృష్ణ నడుమ ద్వీపం కదా, ఆ రోజుల్లో పుట్టిలో తప్ప పోలేకపోయేవాళ్ళం. పుట్టి నడిపే పెద్దాయన ఒడ్డున గొంతుక్కూర్చుని నీళ్ళ వైపు చూస్తున్నాడు. నేను పోదామంటే లేవలేదు. ‘సారూ, పొద్దటి నీళ్ళు కావివి, రంగు మారింది, భీమ పొంగినట్టున్నది, రేపు తెల్లారి పోదాం’ అన్నాడు. నేను ఇరిగేషన్‌లో పనిచేస్తానని, పైన నారాయణపూర్ డ్యాం నుంచి నీళ్ళు వదిలితే మాకు ముందే కబురు వస్తుందని, అలాంటి కబురేదీ లేదని చెప్పాను. భీమకు నారాయణపూర్‌తో సంబంధం లేదని, ఆ నది తంగిడి దగ్గర నేరుగా వచ్చి కృష్ణలో కలుస్తుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా అన్నాను. సర్కారు మనిషి అన్న గౌరవం వల్లనో, మీ అమ్మ చేతిలో ఉన్న నిన్ను చూసో ఆయన ఇంకేమీ అనకుండా లేచి పుట్టిని నీళ్ళలోకి నెట్టాడు.

సగం దూరం బాగానే పోయాము. ఆ తర్వాత ఒక పెద్ద మొద్దు వచ్చి పుట్టి అంచుకు తగిలింది. గుండ్రని పుట్టికి ముందూ వెనకా ఉండదు కదా, తగిలిందే తడవుగా గిర్రున తిరిగింది. ఒడ్డు, ఆకాశం, గుడి, మళ్ళీ ఒడ్డు కళ్ళ ముందు తిరిగిపోతున్నాయి. మీ అమ్మ నిన్ను గుండెలకు అదిమి, కొంగుతో తన నడుముకు చుట్టుకున్నది. కదలకుండా కూర్చోండి అని పెద్దాయన అరుస్తూనే ఉన్నాడు. నేను నిన్ను అందుకుందామని లేచి నిలబడ్డాను. పుట్టి నా వైపు ఒరిగి, ఒక్కసారిగా మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. ఆయన తెడ్డు మొదలుతో నా భుజం మీద కొట్టి కూలేశాడు. ఆ దెబ్బే మనల్ని కాపాడింది. ప్రవాహానికి ఎదురు పోకుండా, దానితో పాటే పోనిచ్చి, మెల్లమెల్లగా పక్కకు తెచ్చి, రేవుకు మైలున్నర కింద తుమ్మచెట్ల దగ్గర ఒడ్డుకు చేర్చాడు. కొబ్బరికాయల సంచి పోయింది. నీ కాలి పట్టీ ఒకటి పోయింది. అమ్మ పెట్టెలో ఒక్క పట్టీ ఎందుకున్నదని నువ్వు చాలాసార్లు అడిగావు, అదే ఇది. పెద్దాయన ముందు మాట్లాడుకున్న డబ్బుల కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు, నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మీ అమ్మ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ ముచ్చట ఎత్తలేదు.

నువ్వు మాత్రం ఒడ్డున దించగానే చప్పట్లు కొట్టి, ‘బాపూ, మళ్ళీ తిప్పు’ అన్నావు. ఈ పొద్దున ఫోనులో ‘బాపూ, మళ్ళీ వెళ్తున్నాం’ అన్నప్పుడు అదే గొంతు వినిపించింది.

వెళ్ళవద్దని అనను. కోరి వెళ్ళిన చోటు, చూడవలసిన నది. కానీ పొద్దున్నే గైడును, రాత్రి పైన కొండల్లో వాన పడిందా అని మొదట అడుగు. చింటు వయసుకు ఆ దారి సరిపోతుందో లేదో కూడా అతన్నే చెప్పమను, వాడి ఏడుపు చూసి నువ్వు నిర్ణయించవద్దు. వాడికి పిల్లల కొలత జాకెట్టే వేయించు. వేసిన తర్వాత రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడు, చెవుల దాకా లేస్తే అది వదులైనట్టు. వాడిని గైడుకు దగ్గరగా కూర్చోబెట్టు. భయమేసి వాడిని పడవకు గానీ నీ నడుముకు గానీ కట్టుకోవద్దు, పడవ తిరగబడితే ఆ కట్టే ప్రాణం మీదికి వస్తుంది. మీ అమ్మ కొంగు సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తెడ్డు చివరి పిడిని చేతిలోంచి వదలకు, లేకపోతే పక్కవాళ్ళ పళ్ళకు తగులుతుంది. ఒకవేళ నీళ్ళలో పడితే వెల్లకిలా తేలి, పాదాలు ప్రవాహం పోయే వైపు పెట్టి, గైడు తాడు విసిరేదాకా అలాగే ఉండాలి. వడిగా పారే చోట నిలబడాలని చూస్తే కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. చింటుకు వెనక పట్టీ ఉన్న చెప్పులు వెయ్యి, జారుడు చెప్పులు వద్దు. తడి బట్టలతో వాడిని ఎక్కువసేపు ఉంచవద్దు, వాడికి జలుబు చేస్తే పది రోజులు వదలదు. ఇంగువ వేసిన కారప్పొడి నీ సంచి పక్క జేబులో ఉన్నది, చూశావో లేదో.

మీకు ఎనిమిదిన్నర అయినప్పుడు మాకు ఆరు. ఆదివారం ఆరు నుంచి నేను, మీ అమ్మ ఫోను దగ్గరే కూర్చుంటాము. పడవ ఎక్కేముందు ఒక ఫోటో, దిగిన తర్వాత ఒక ఫోటో పంపు. అల్లుడుగారికి నా నమస్కారాలు, చింటుకు ముద్దులు.

ఆశీస్సులతో,
నీ బాపు.

తా.క.: ఎక్కేముందు తీసే ఫోటో దగ్గరి నుంచి తీయించు. మూడు క్లిప్పులూ కనిపించాలి. నీవి మూడు, చింటువి ఎన్ని ఉంటే అన్ని.