కళాభవనం కట్టే ముందు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మన దీవుల దేశం ఇంకా ఊహలోనే ఉంది. జెండా, గీతం, పటం అన్నీ కాగితం మీదే. అయినా మీరు మంత్రి అయిపోయినట్టే జాతీయ సాంస్కృతిక విధానం ముసాయిదా విడుదల చేశారు కనుక, నేనూ పౌరురాలిని అయిపోయినట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీది దేశంలో తప్పులు దిద్దడానికి ఖర్చు ఉండదు.

ముసాయిదా మొత్తం చదివాను. రాజధానిలో జాతీయ కళాభవనం, జాతీయ నృత్య బృందం, జాతీయ దుస్తులు, కళాకారులకు గుర్తింపు కార్డులిచ్చే మండలి... మొదటి మూడు అధ్యాయాలూ వీటికే సరిపోయాయి. దూరపు దీవుల భాషలు, పాటలు, వాటిని గుర్తుపెట్టుకున్న ముసలివాళ్ళు నాలుగో అధ్యాయంలో కనిపించారు. అది కూడా "నిధుల లభ్యతను బట్టి" అన్న షరతుతో. నేను అడిగేది ఈ వరస తిరగెయ్యమనే. మొదటి ఏడాది డబ్బు నాలుగో అధ్యాయానికి వెళ్ళాలి. భవనం పదేళ్ళ తర్వాతైనా కట్టుకోవచ్చు. ఎనభై దాటిన మనిషి పదేళ్ళు ఆగుతారా?

ఇది డబ్బున్న దేశాలు చేసే పని అని మీ అధికారులు అనవచ్చు. పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం వనువాటు సంగతి చూడండి. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి 1906 నుంచి ఏలిన ఆ దీవులకు 1980 జులై 30న స్వాతంత్ర్యం వచ్చింది. ఇవాళ్టికీ జనాభా సుమారు మూడు లక్షలు, భాషలు మాత్రం వందకు పైనే. భాషకో ప్రొఫెసర్‌ని పెట్టే స్తోమత వాళ్ళకి లేదు. అందుకే అక్కడి కల్చరల్ సెంటర్ ఊళ్ళలో ఉన్నవాళ్ళనే ఎంచుకుంది. తమ భాష, తమ కథలు, తమ ఆచారాలు తామే నమోదు చేసే ఈ కార్యకర్తలు చాలావరకు జీతం లేకుండానే పనిచేస్తారు. ఏడాదికోసారి రాజధాని పోర్ట్ విలాలో కలుసుకుని, ఎవరు సేకరించింది వాళ్ళు మిగతావాళ్ళ ముందు పెడతారు. మొదట్లో ఆ బృందంలో అంతా మగవాళ్ళే. ఆడవాళ్ళ బృందం 1990లలో గానీ మొదలవలేదు. చాప అల్లిక గురించో, పురుడు పోయడం గురించో పరాయి మగవాడు వచ్చి అడిగితే ఏ ఆడమనిషి మాత్రం మనసు విప్పి చెబుతుంది? మన నాలుగో అధ్యాయంలో ఈ ఊసే లేదు. మొదటి రోజు నుంచే సగం మంది ఆడవాళ్ళు ఉండాలని రాయించండి. ఇంకో మాట, మన దగ్గర వాళ్ళకి జీతం కూడా ఇవ్వండి. నృత్య బృందానికి కేటాయించిన విమాన ఖర్చుల్లో కొంత తగ్గించినా సరిపోతుంది.

రికార్డు చేయడం సులువే. చేసింది ఎవరిది అన్న దగ్గరే చిక్కు. "సేకరించిన సమస్తాన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచుతాం" అని ముసాయిదా గొప్పగా చెప్పుకుంది. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ సాలమన్ దీవుల్లోని మలైతాలో ఒక స్త్రీ పాడిన జోలపాటకి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 1970 ప్రాంతంలో ఒక పరిశోధకుడు దాన్ని రికార్డు చేశాడు. 1992లో ఒక ఫ్రెంచి బృందం దాన్ని తమ డ్యాన్స్ పాటలో కలుపుకుంది. ఆ ఆల్బమ్ ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడైంది. పాడిన ఆవిడను అనుమతి అడిగినవాళ్ళు లేరు. తాళం లేని గిడ్డంగిలో పెట్టి "భద్రపరిచాం" అంటే ఎలా?

వనువాటు ఇక్కడ కూడా ముందే మేల్కొంది. 1985లో విదేశీ మానవశాస్త్ర పరిశోధనలని ఆపేసింది. 1994లో మళ్ళీ తలుపు తీసినప్పుడు షరతులు పెట్టింది. వచ్చిన పరిశోధకుడు ఆ ఊరికి పనికొచ్చేది ఏదైనా చేయాలి, రికార్డుల కాపీలు అక్కడే ఇచ్చి వెళ్ళాలి. ఒక వంశం వాళ్ళో, ఒక ఊరి వాళ్ళో మాత్రమే వినదగ్గవి అయితే వాటిని విడిగా దాచి, అందరికీ తెరవరు. మనకీ అలాంటి నిబంధన కావాలి. పసిఫిక్ దేశాలు సంప్రదాయ విజ్ఞానాన్ని కాపాడుకోవడానికి 2002లోనే ఒక నమూనా చట్టం తయారు చేసుకున్నాయి. మీ న్యాయశాఖ వాళ్ళు కొత్తగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, దాన్ని ముందు పెట్టుకుంటే చాలు.

భాష గురించి ముసాయిదాలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "జాతీయ ఐక్యత కోసం ఒకే భాషను ప్రోత్సహిస్తాం." నాకు టెన్షన్ పుట్టించిన వాక్యం ఇదే. 1956లో శ్రీలంక సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేసింది. తమిళానికి ఆ హోదా ఇవ్వడానికి 1987 రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు, 1981లో, తమిళులు ఎక్కువగా ఉండే జాఫ్నా నగరంలోని గ్రంథాలయాన్ని తొంభై వేలకు పైగా పుస్తకాలతో సహా తగలబెట్టారు. 1983లో మొదలైన యుద్ధం 2009 దాకా సాగింది. అంతా ఒక్క చట్టం వల్లే అనను. కానీ ఆ చట్టం లేకపోతే కూడా ఇలాగే జరిగేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

మారిషస్ దారి వేరు. 1968లో స్వతంత్రం వచ్చినప్పుడు వాళ్ళ రాజ్యాంగం ఏ భాషనీ జాతీయ భాష అని ప్రకటించలేదు. చెరకు తోటలకి వలస వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అక్కడి బళ్ళలో తెలుగు, తమిళం, మరాఠీ, ఉర్దూ చదువుకోగలుగుతున్నారు. మనకి సంతోషం కలిగించే విషయమే. అయితే అక్కడా ఒక వింత ఉంది. ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది ఫ్రెంచి మాటలతో అక్కడే పుట్టిన క్రియోల్ భాష. అది బడిలో ఐచ్ఛిక సబ్జెక్టుగా చేరడానికి 2012 దాకా పట్టింది. పూర్వీకుల భాషలకి పీట వేసి, ఇంటి భాషని గుమ్మం బయట నిలబెట్టారన్నమాట. మనం ఆ పొరపాటు చేయొద్దు. మొదటి మూడు తరగతులు పిల్లవాడి ఇంటి భాషలోనే నడవాలి. ఏ భాష గొప్పదన్న చర్చ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.

ఇక గుర్తింపు కార్డుల మండలి. దీన్ని పూర్తిగా ఎత్తేయండి. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో 1880లలో వలస ప్రభుత్వం డోళ్ళ మీద ఆంక్షలు పెట్టింది. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారు. తర్వాత రేకు డబ్బాలు, ఆ తర్వాత నూనె పీపాలు వచ్చాయి. 1930, 40లలో అలా పుట్టిన స్టీల్‌పాన్ వాయించేవాళ్ళని పెద్దమనుషులు చాలాకాలం రౌడీల కింద జమకట్టారు. 1992లో అదే వాళ్ళ జాతీయ వాయిద్యం అయింది. ఆ రోజుల్లో మీ మండలి లాంటిది ఉంటే, పీపా మోసుకొచ్చిన కుర్రాడికి కార్డు ఇచ్చేదా? అధికారి దగ్గర చేయి చాచని కళ మన దీవుల్లో ఇప్పుడే ఎక్కడో పుడుతూ ఉంటుంది. దానికి మీరు చేయగల మేలు దాని జోలికి పోకపోవడమే.

జాతీయ దుస్తుల గురించి ఎక్కువ రాయను. కొండవాళ్ళు, జాలర్లు, తోటల పనికొచ్చి స్థిరపడినవాళ్ళు ముగ్గురూ ఒకే చొక్కా వేసుకుంటే ఫొటో బాగుంటుంది. ఫొటో తీశాక ఎవరి బట్టలు వాళ్ళని కట్టుకోనివ్వండి, అంతే.

ముసాయిదాలో అసలే లేని విషయం ఒకటుంది. మన పాత పత్రాలు, పటాలు, దేవతల బొమ్మలు మనల్ని ఏలిన దేశపు మ్యూజియంలలో ఉన్నాయి. వాటిని అడగాలి. ఐస్లాండ్ 1944లో డెన్మార్క్ నుంచి పూర్తిగా విడిపోయింది. తన ప్రాచీన తోలు ప్రతులు రాబట్టుకోవడానికి మాత్రం ఏళ్ళ తరబడి పట్టు విడవకుండా అడగాల్సి వచ్చింది. 1971 ఏప్రిల్ 21న మొదటి రెండు ప్రతులు నౌకలో రేక్యావిక్ రేవుకి చేరినప్పుడు వేలమంది ఎదురెళ్ళారు. ఆ అప్పగింత పూర్తయ్యేసరికి 1997 అయింది. మనకీ అంతే పడుతుంది. కాబట్టి ఏమేం ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా రాయడం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. దానికి ఇద్దరు గుమాస్తాలు చాలు.

చివరగా, ముసాయిదా మనల్ని ఏలినవాళ్ళ భాషలో మాత్రమే అచ్చయింది. నాలుగో అధ్యాయం ఎవరి గురించో వాళ్ళకే అది చదవడం రాదు. కనీసం ఆ ఒక్క అధ్యాయాన్ని మన భాషలన్నిటిలోకీ మార్పించి రేడియోలో చదివించండి. పడవలు వారానికోసారే వెళ్ళే దీవులున్నాయి కనుక అభిప్రాయాలు పంపే గడువు ఇంకో మూడు నెలలు పెంచండి. రాయడం రానివాళ్ళ మాటలు నోటితో చెప్పినా తీసుకోమని దీవుల అధికారులకు ఆదేశాలివ్వండి. ఈ ఉత్తరానికి జవాబు కూడా రేడియోలో చెప్పినా సరే, వింటాం.

ఇట్లు,
దూరపు దీవుల నుంచి ఒక పౌరురాలు