విషయం: టికెట్ మీరు క్లోజ్ చేశారు, నేను చెయ్యలేదు

మేనేజ్‌మెంట్ గారికి,

సపోర్ట్ ఐడీకి పెడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఈ మెయిల్ మీ వెబ్‌సైట్‌లో కనబడ్డ ప్రతి ఐడీకీ పెడుతున్నా, కెరీర్స్ ఐడీతో సహా. ఉద్యోగం అడిగేవాళ్ళకైనా రిప్లై ఇస్తారేమో చూద్దాం.

మా టీమ్‌లో జావా పిల్లలకి మ్యూల్‌సాఫ్ట్, అదే రకరకాల సాఫ్ట్‌వేర్లని ఒకదాంతో ఒకటి కలిపే ఇంటిగ్రేషన్ టూల్, నేర్పమని మీకు అప్పజెప్పాం. క్లాసులో ఏం జరిగిందో రాసి రాసి విసుగొచ్చింది, ఒక్కటి చెప్తా. మ్యూల్ 4 అని డబ్బులు తీసుకుని మ్యూల్ 3 స్లైడ్లు తిప్పారు. ట్రైనర్ గారేమో "చాయిస్ ఎక్సెప్షన్ స్ట్రాటజీ లాగి ఇక్కడ పెట్టండి" అంటారు, మా అమ్మాయి మ్యూల్ 4 ప్రోగ్రాములు రాసే స్టూడియో 7లో పాలెట్ అంతా వెతుకుతుంది, దొరకదు, ఎందుకు దొరుకుతుంది, ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో చెప్పే ఆ పాత ముక్కని మ్యూల్ 4లో తీసేసి ఆన్ ఎర్రర్ కంటిన్యూ, ఆన్ ఎర్రర్ ప్రొపగేట్ పెట్టారు కదా, అదీ నిన్నా మొన్నా కాదు, 2018లో. అడిగితే "మీ ఇన్‌స్టలేషన్ సరిగ్గా లేదు, మళ్ళీ చేస్కోండి" అన్నారు. పాపం ఆ పిల్ల నిజంగానే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ చేసింది.

సరే పోనివ్వండి, ట్రైనర్‌ని మారిస్తే అయిపోయేది. నా కడుపుమంట అది కాదు. ఆ మాట వినే మనిషి మీ ఆఫీసులో ఒక్కడు లేడు, అదీ నా బాధ.

పేమెంట్ కాకముందు మీ సేల్స్ అబ్బాయి పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్, "అన్నా కాఫీ తాగారా", "అన్నా పర్చేజ్ ఆర్డర్ ఎంతవరకొచ్చింది", సొంత తమ్ముడు కూడా అంత పలకరించడు. అడ్వాన్స్ పడ్డ మర్నాటి నుంచి అన్న కాస్తా సార్ అయిపోయాడు, ఆ తర్వాత బ్లూ టిక్ కూడా రావట్లేదు. ఎలాగోలా ఫోన్ ఎత్తితే "సార్ నేను ప్రీ సేల్స్ సార్, బ్యాచ్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి" అన్నాడు. కోఆర్డినేటర్ మేడమ్ అకడమిక్ టీమ్‌ని అడగమంది. అకడమిక్ టీమ్ నంబర్‌కి చేస్తే ఎత్తింది రిసెప్షన్, వాళ్ళు "మెయిల్ పెట్టండి సార్, ఈఓడీ లోపు కాల్ వస్తుంది" అన్నారు, అంటే ఆ రోజు ముగిసేలోపు. ఏ రోజు ఈఓడీనో అడగాల్సింది. మధ్యలో మీ ఐవీఆర్ ఒకటి, తెలుగుకి రెండు నొక్కమంటుంది, నొక్కితే హిందీలో మాట్లాడుతుంది.

చివరికి టికెట్ వేశా. ఒక్క మనిషి ఒక్క ముక్క రాయకుండా "రిజాల్వ్డ్" అని వచ్చింది, దాని వెనకాలే "మా సేవ ఎలా ఉంది, అయిదు స్టార్లు ఇవ్వండి" అని సర్వే. ఒక్క స్టార్ ఇచ్చి కింద కథంతా రాస్తే "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అట!

ఇంటిగ్రేషన్ నేర్పే కంపెనీ కదా మీది. ఎర్రర్ హ్యాండ్లింగ్ గురించి, రీట్రై గురించి, చేరకుండా పోయిన మెసేజ్ మాయం కాకుండా డెడ్ లెటర్ క్యూ అనే పక్క వరసలో పడాలని గంటలు గంటలు క్లాసులు పీకుతారే, మీ సేల్స్‌కీ సపోర్ట్‌కీ మధ్య కనీసం ఒక ఎక్సెల్ షీట్ అయినా అటూ ఇటూ తిరుగుతోందా అసలు? ఒక్క పేమెంట్ రిమైండర్ మాత్రం ఠంచనుగా వస్తుంది, 18 శాతం జీఎస్టీ లెక్కతో సహా. దానికి రిప్లై ఇస్తే బౌన్స్.

ఇంకోటి. మీరిస్తానన్న ల్యాబ్ ఇవ్వకుండా, మ్యూల్‌సాఫ్ట్ వాళ్ళ 30 రోజుల ఎనీపాయింట్ ట్రయల్ అకౌంట్ ఓపెన్ చేస్కోమన్నారు. రాసిన యాప్‌ని వాళ్ళ క్లౌడ్‌లో పెట్టి నడిపే క్లౌడ్‌హబ్ డిప్లాయ్‌మెంట్ క్లాసు వచ్చే వారం, వచ్చే వారం అని జరుపుతూ పోయేసరికి ఆ ట్రయల్ కాస్తా అయిపోయింది. కోఆర్డినేటర్ మేడమ్ సలహా ఏంటంటే "వేరే మెయిల్ ఐడీతో ఇంకోటి ఓపెన్ చేస్కోండి సార్". కార్పొరేట్ ట్రైనింగ్ అంటే ఇదేనా?

మేమేమీ నిన్న వచ్చినవాళ్ళం కాదు. అమీర్‌పేటలో లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తు మీద మీరున్నప్పటి నుంచి మీ దగ్గరికే పంపిస్తున్నాం. ఇంకో ఇంటిగ్రేషన్ టూల్ టిబ్కో బీడబ్ల్యూ 5 నుంచి 6కి మారినప్పుడు, పాత డిజైనర్ స్క్రీన్ పోయి ఎక్లిప్స్ ఎడిటర్ వచ్చేసరికి మా వాళ్ళు బెదిరిపోతే, అప్పటి మీ సార్ ఆదివారం కూడా కూర్చోబెట్టి చెప్పారు, ఒక్క రూపాయి ఎక్స్‌ట్రా అడగలేదు. ఆయన ఇప్పుడు మీ దగ్గర లేరట, తెలుస్తూనే ఉంది. అలాంటిదే ఇంకో టూల్ వెబ్‌మెథడ్స్ 2024లో సాఫ్ట్‌వేర్ ఏజీ నుంచి ఐబీఎం చేతికి పోయాక మా రెండో టీమ్‌కి కూడా ట్రైనింగ్ కావాల్సొచ్చింది, అది కూడా మీకే ఇద్దామని నేనే మా మేనేజర్ దగ్గర గట్టిగా చెప్పా. ఇప్పుడాయన నా మొహం చూసి నవ్వుతున్నాడు.

మిగతా పేమెంట్ ఆపమని ఫైనాన్స్‌కి చెప్పేశా. మ్యూల్ 4 వచ్చిన ట్రైనర్‌ని పెట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్పిస్తారో, అడ్వాన్స్ వెనక్కిస్తారో, అది తర్వాత మాట్లాడదాం, ముందు నిర్ణయం తీసుకునే మనిషెవరో ఫోన్ చెయ్యండి. సోమవారం దాటితే వెండర్ లిస్ట్‌లోంచి మీ పేరు తీయిస్తా, లింక్డ్‌ఇన్‌లో స్క్రీన్‌షాట్లతో సహా పెడతా, మా లీగల్ వాళ్ళు నోటీసు డ్రాఫ్ట్ ఇప్పటికే మొదలుపెట్టారు. నా నంబర్ మీరు క్లోజ్ చేసిన ఆ టికెట్‌లోనే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య మాత్రం చెయ్యొద్దు, క్లయింట్ కాల్ ఉంటుంది.